జ్ఞాన సిద్ధాంతం బోరు పాయింటు దగ్గర పనికొస్తుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: తత్వశాస్త్రం ఎంఏలో ప్రమాణాలు (సరైన జ్ఞానం వచ్చే దారులు), వ్యాప్తి, గెటియర్ అని చదువుతున్నారు. ఇంటి దగ్గర, కళ్యాణదుర్గం పక్క చీనీ (బత్తాయి) తోటలో రెండు బోర్లు ఫెయిలయ్యాయి. మూడోదానికి కొబ్బరికాయ ఆయన, అంటే అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ల చోటు చెప్పేవాడు, వచ్చి పాయింటు పెట్టిపోయాడు. "నీ చదువు దీనికేమన్నా పనికొస్తాదా?" అని మీ నాయన అడిగితే జవాబు దొరకలేదు. అన్ని రకాల జ్ఞానానికీ వర్తిస్తామని చెప్పుకునే సిద్ధాంతాలకు వ్యవహారంలో విలువ ఉందా, పరీక్షల వరకేనా?

విలువ ఉంది. అయితే సిలబస్‌లో ఎక్కువ పేజీలు పట్టే భాగంలో దాన్ని వెతక్కండి. జ్ఞాన సిద్ధాంతం అన్న పేరు కింద మూడు వేర్వేరు పనులు జరుగుతాయి. జ్ఞానం అంటే ఏమిటో నిర్వచించడం ఒకటి. ఏ దారిలో తెలుస్తుంది, ఆ దారిలో ఎక్కడ తప్పుతుంది అని చూడటం రెండోది. కొత్త ఆధారం దొరికినప్పుడు నమ్మకాన్ని ఎంత జరపాలో లెక్కగట్టడం మూడోది. మొదటి పని ప్లేటో కాలం నుంచి నడుస్తోంది. ఆధారం ఉన్న నిజమైన నమ్మకమే జ్ఞానం అన్న నిర్వచనాన్ని 1963లో ఎడ్మండ్ గెటియర్ అనే తత్వవేత్త మూడు పేజీల వ్యాసంతో కుదిపేశాక ఇప్పటికీ తేలలేదు. పొలానికి దాని నుంచి వచ్చేది ఒకే ఒక్క హెచ్చరిక, దాని సంగతి తర్వాత చెబుతాను. అసలు సరుకంతా రెండో పనిలో ఉంది. మూడోది చిన్న లెక్క, కానీ లక్షల రూపాయలు కాపాడే లెక్క.

మన న్యాయ దర్శనం (కోర్టు న్యాయం కాదు, తర్కానికి పేరుపడ్డ ప్రాచీన తత్వశాఖ) మొదలయ్యేదే మీ నాయన అడిగిన ప్రశ్నతో. న్యాయ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో మొదటి వాక్యం సారం ఇది: ప్రమాణం ద్వారా విషయం తెలుసుకుని పనిలోకి దిగితే ఆ పని ఫలిస్తుంది, అందుకే ప్రమాణానికి అర్థం ఉంది. వాళ్లకు జ్ఞానం పరీక్షకు నిలబడే చోటు ప్రవృత్తి, అంటే తెలిసినదాన్ని పట్టుకుని చేసే పని. కాబట్టి ఆ సిద్ధాంతాన్ని బోరు దగ్గరికి తీసుకుపోవడం ఏమీ అపచారం కాదు.

పొలంలో ముందుగా వినబడేది శబ్దం, అంటే ఎవరో ఒకరు చెప్పిన మాట. ఆప్తుడి మాటే ప్రమాణం అన్నారు. ఆప్తుడెవరు? విషయాన్ని నేరుగా ఎరిగినవాడు, ఎరిగింది ఎరిగినట్టు చెప్పాలన్న కోరిక ఉన్నవాడు, చెప్పగలిగినవాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని వాత్స్యాయనుడు కలిపాడు. సార్వత్రికత ఇక్కడ ఎంత పదునుగా పనిచేస్తుందో చూడండి. కొబ్బరికాయ ఆయననూ, డిగ్రీ ఉన్న జియాలజిస్టునూ, బోరుబండి మేస్త్రినీ, పక్క పొలం రైతునూ ఒకే మూడు ప్రశ్నలు అడగాలి. కులం, పట్టా, వయసు, కోటు చూసి ప్రశ్న మార్చకూడదు.

బండి మేస్త్రిని తీసుకోండి. ఆ చుట్టుపక్కల రాయి ఎట్లా ఉంటుందో ఆయనకు నేరుగా తెలుసు, బిట్టు కింద రోజూ చూస్తుంటాడు. మొదటి షరతు దాటాడు. కానీ ఆయనకు డబ్బు అడుగు లెక్కన. "ఇంకో వంద అడుగులు పోతే పడతాయి" అన్న మాటలో రెండో షరతు బలహీనం. అదే మేస్త్రి "ఇక్కడ ఆపేయండి, కింద గట్టిరాయే" అంటే తన ఆదాయానికి విరుద్ధంగా చెబుతున్నాడు కాబట్టి దానికి రెట్టింపు విలువ ఇవ్వచ్చు. పక్క రైతుకు తన బోరు సంగతి తెలుసు. కానీ నీళ్లు తగ్గాయని చెప్పుకోవడానికి మొహమాటపడొచ్చు, బాగా ఉన్నాయని చెప్పడానికి భయపడొచ్చు. ఆయన మాట కంటే ఆయన మోటారు వేసవిలో రోజుకు ఎన్ని గంటలు నడుస్తోందన్నది నమ్మదగ్గది.

మాటకు మూలం లేకపోతే ఏమవుతుందో చెప్పడానికి మన జిల్లాలోనే మంచి ఉదాహరణ ఉంది. దేశంలో జైసల్మేరు తర్వాత అత్యల్ప వర్షపాతం అనంతపురానిదేనని పత్రికల్లో, ఉపన్యాసాల్లో, చివరికి ప్రాజెక్టు రిపోర్టుల్లో కూడా చదువుతుంటాం. మన సగటు దాదాపు 550 మిల్లీమీటర్లు. బికనీరు, బాడ్మేరు జిల్లాల సగటు 350 కూడా దాటదు, లేహ్ సంగతి సరేసరి. నీళ్లు తక్కువన్నది నిజం, కరువు నిజం, ఆ వాక్యం మాత్రం నిలబడదు. వందమంది చెప్పినా అందరూ ఒకరి దగ్గర ఒకరు విన్నదే అయితే అది ఒకే సాక్ష్యం. ఊళ్లో "ఆ మూలన నీళ్లున్నాయి" అని పదిమంది అన్నప్పుడు కూడా మొదట ఎవరు, ఏం చూసి అన్నారో అడగండి.

ఇప్పుడు మీమాంసకుల్లో భాట్టులు (కుమారిల భట్టు దారి పట్టినవాళ్లు), అద్వైతులు ఒప్పుకున్న ఆరో ప్రమాణం దగ్గరికి వద్దాం. అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం ద్వారా లేదని తెలుసుకోవడం. విద్యార్థులు దీన్ని పేరు కంఠస్థం చేసి వదిలేస్తారు. బోరు విషయంలో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఇదే. దానికి ఒక షరతు ఉంది: వస్తువు ఉండి ఉంటే కనబడే పరిస్థితి ఉండాలి, అప్పుడే కనబడకపోవడానికి విలువ. దీన్ని యోగ్యానుపలబ్ధి అంటారు.

ఒక పాయింటు ఆయన పేరు ఊరంతా ఎందుకు మోగుతుంది? పడిన బోరు మీద మోటారు, స్టార్టరు పెట్టె, పైపు, పచ్చటి తోట ఉంటాయి. పడని బోరు మీద ఒక బండ. రెండేళ్లకు దాని మీద కంప మొలుస్తుంది. దారిన పోయేవాడికి ఫెయిలైన బోరు కనబడదు, కనబడే యోగ్యత దానికి లేదు. కాబట్టి "ఆయన పెట్టిన పాయింట్లు పోయినట్టు నేనెక్కడా చూడలేదు" అన్న మాటకు విలువ సున్నా. మీరు చేయాల్సింది పొలం పొలం తిరిగి, మీ పాయింటుకు అర కిలోమీటరు లోపల గత పదేళ్లలో వేసిన బోర్లన్నీ రాసుకోవడం. పడనివి కూడా, పడి ఎండినవి కూడా. ప్రతిదానికీ లోతు, కేసింగ్ (పైమట్టి కూలకుండా దించే పైపు) ఎంత దిగింది, మొదటి నీళ్లు ఎన్ని అడుగుల్లో తగిలాయి, పోయిన మే నెలలో నడిచిందా లేదా. అడిగేటప్పుడు "మీ బోరెట్లుంది" అనకండి, "ఈ పొలంలో మొత్తం ఎన్ని వేశారు" అని అడగండి. మొదటి ప్రశ్నకు నడిచే బోరు గురించే చెబుతారు. ఈ తిరుగుడు ఒక రోజు పని, ఖర్చు లేదు. దీని ముందు మిగతా సాధనాలన్నీ రెండో వరసలోకి పోతాయి.

అనుమానం, అంటే ఇక్కడ సందేహం కాదు, కనబడే గుర్తును బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడం, దీని సంగతి కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే జియాలజిస్టు సర్వే అంతా దీని మీదే నడుస్తుంది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, అలా తప్పని సంబంధమే వ్యాప్తి. తిప్పి, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే తప్పు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పుంది, పొగ లేదు. నిప్పుకు పొగ రావాలంటే పచ్చి కట్టె కావాలి. ఆ పచ్చి కట్టెను ఉపాధి అన్నారు, అంటే చెప్పకుండా మధ్యలో దాగిన షరతు.

నేల కరెంటును ఎంత అడ్డుకుంటుందో కొలిచే రెసిస్టివిటీ సర్వేలో నాలుగు కడ్డీలు వరసగా నాటుతారు. బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. బయటి కడ్డీలను దూరం జరిపేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. కుళ్లిన గ్రానైటులో నీళ్లుంటే విలువ సుమారు 20 నుంచి 100 ఓమ్-మీటర్ల మధ్య వస్తుంది. పగుళ్లున్న రాయి కొన్ని వందలు, పగులు లేని గట్టిరాయి వెయ్యి దాటిపోతుంది. తడి కుళ్లురాయి విలువ తగ్గిస్తుందన్నది మంచి వ్యాప్తే. తిప్పి "విలువ తగ్గింది కాబట్టి నీళ్లున్నాయి" అన్నారంటే నిప్పు నుంచి పొగకు పోయినట్టే. బంకమట్టి కూడా విలువ తగ్గిస్తుంది, 10-20 లోపలికి దించేస్తుంది, కానీ చుక్క వదలదు. ఉప్పునీళ్లు కూడా తగ్గిస్తాయి. ఇక్కడ ఉపాధి "బంకమట్టి లేకపోవడం". దాన్ని విడదీయాలంటే పక్క బోరు తవ్వినప్పుడు ఏ అడుగులో ఏ రంగు మట్టి వచ్చిందో కావాలి. అంటే మళ్లీ మీ పొలం పొలం పుస్తకమే.

ఇంకో మూడు చోట్ల ఈ సర్వే తప్పుతుంది. ఎండు నేలలో కడ్డీ సరిగా అంటుకోక విలువ ఎగిరెగిరి పడుతుంది, కడ్డీ చుట్టూ ఉప్పునీళ్లు పోయాలి. కరెంటు లైను, ఇనుప కంచె పక్కన తీగ పరిస్తే అంకెలు నమ్మలేం. మూడోది అందరూ చేసేది: తీగ మొత్తం 200 మీటర్లు పరిచి, 420 అడుగుల దగ్గర పగులుందని చెప్పడం. ఈ పద్ధతి నమ్మకంగా చూడగలిగే లోతు, తీగ మొత్తం పొడవులో నాలుగో వంతు కంటే తక్కువే. 200 మీటర్ల తీగతో 160 అడుగులు దాటిన సంగతి ఊహే. అరచేతి మందం పగులు అంత లోతున ఉంటే మీటరుకు ఆనదు. అందుకే "సర్వేలో పగులు కనబడలేదు కాబట్టి లేదు" అన్నదీ చెల్లదు, కనబడే యోగ్యత లేని చోట అనుపలబ్ధి పనిచేయదు. సర్వే మనిషి తీగ ఎంత పరిచాడో మీరే అడుగులతో కొలవండి. చెప్పిన లోతుకూ పరిచిన తీగకూ పొత్తు కుదరకపోతే ఆ అంకెను పక్కన పెట్టండి.

చెట్లు, పుట్టలు చూసి చెప్పేవాళ్ల సంగతీ ఇంతే. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో బృహత్సంహితలో దకార్గళం పేరుతో ఒక అధ్యాయమంతా దీనికే ఇచ్చాడు. అందులో లోతును పురుష ప్రమాణంలో, అంటే చేతులెత్తి నిలబడిన మనిషి ఎత్తులతో చెబుతాడు. అక్కడున్నది తవ్వుడు బావుల లోకం. చెదకు తేమ కావాలి, వేరుకు తేమ కావాలి, కాబట్టి పుట్టకూ పైపొర నీళ్లకూ సంబంధం ఉండటానికి కారణముంది. నీటి మట్టం వేరుకు అందే లోతులో ఉండటమే దీని ఉపాధి. మన దగ్గర అది ఎప్పుడో తప్పిపోయింది. 600 అడుగుల బోరుకు పుట్టను సాక్షిగా పిలవడం, పాత వ్యాప్తిని దాని పొలిమేర దాటించడం. శాస్త్రాన్ని తిట్టక్కర్లేదు, దాని పొలిమేర గీస్తే చాలు.

పొలిమేర అన్నది జిల్లా మారితే ఇంకా తెలుస్తుంది. అనంతపురంలో ఎక్కువ భాగం గ్రానైటు, నైసు రాళ్లు. వాటిని కోసుకుంటూ నల్లరాయి డైకులు, అంటే నిలువు గోడల్లాంటి రాతి పట్టీలు, పోతాయి. డైకు పగలకుండా ఉంటే భూమిలో కట్టలా నీళ్లను ఆపుతుంది, ఎగువ పక్క వేస్తే లాభం. అదే నియమం పట్టుకుని జమ్మలమడుగు, బనగానపల్లె పక్కకు పోతే దెబ్బతింటారు. అక్కడ సున్నపురాయి. నీళ్లు రాయిని కరిగించి సొరంగాలు చేస్తాయి. బేలం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా అట్లా తయారైనవే. రెండు బోర్ల మధ్య 30 అడుగుల దూరంలో ఒకటి పొంగి ఇంకొకటి దుమ్ము లేపొచ్చు. గ్రానైటు జ్ఞానం అక్కడికి పోదు. "ఈ నియమం ఏ షరతు మీద నిలబడింది?" అన్న ప్రశ్న మాత్రం అక్కడికీ పోతుంది. సార్వత్రిక సిద్ధాంతం ఇచ్చేది ఆ ప్రశ్నే. నియమం ఎప్పుడూ స్థానికం.

ప్రత్యక్షానికైతే గొడవే లేదనుకుంటాం. కళ్ల ముందు నీళ్లు చిమ్ముతుంటే ఇంకేం కావాలి? ఇక్కడా జారే చోట్లున్నాయి. బండి కంప్రెసరు ఊదేటప్పుడు పగుళ్లలో నిలవ ఉన్న నీళ్లన్నీ ఒకేసారి పైకొస్తాయి. అది నిలవ, ఊట కాదు. కేసింగ్ గట్టిరాయిలో సరిగా కూచోకపోతే పైపొర తేమ పక్కనుంచి దిగి, వానాకాలంలో నీళ్లు పడినట్టు చూపిస్తుంది. తర్వాత "ఇంచుల" లెక్క. రెండించుల నీళ్లు పడ్డాయంటే ఒక ఇంచుకు రెట్టింపు అనుకుంటారు. ఇంచు అనేది 90 డిగ్రీల వి-నాచ్ పలకలో నీటి ఎత్తు. ప్రవాహం ఎత్తుకు రెండున్నర ఘాతంగా పెరుగుతుంది. ఒక ఇంచు అంటే గంటకు దాదాపు 510 లీటర్లు, రెండించులు 2,890, మూడించులు 7,960. ఇంచు నుంచి రెండించులకు ఐదున్నర రెట్లు పైన. కాబట్టి కంటితో అర ఇంచు ఎక్కువ చూస్తే లెక్క ఎక్కడికో పోతుంది. ఎత్తును పలక అంచు మీద కొలవద్దు, అక్కడ నీళ్లు వంగి దిగుతుంటాయి. ఒక అడుగు వెనక, నిలకడగా ఉన్నచోట, నాచ్ అడుగు మట్టానికి సరిచూసి కొలవండి.

పలకే తప్పుగా కోసి ఉంటే? కొలిచే దాన్ని ఏది కొలుస్తుందని శూన్యవాదులు (నాగార్జునుడి దారి బౌద్ధులు) నైయాయికులను, అంటే న్యాయ దర్శనం వాళ్లను, నిలదీశారు, అనవస్థ, అంటే అంతులేని ప్రశ్నల గొలుసు, తప్పదన్నారు. న్యాయ సూత్రాల జవాబు చాలా లోకజ్ఞానంతో ఉంటుంది: త్రాసు బంగారాన్ని తూస్తుంది, అవసరమైతే త్రాసునూ వేరే తూకంతో సరిచూస్తాం, అంతమాత్రాన తూకాలు ఆగిపోవు. మీ దగ్గర 200 లీటర్ల డ్రమ్ము ఉంది కదా. పలక రెండించులు చూపిస్తే ఆ డ్రమ్ము నాలుగు నిమిషాల పది సెకన్లకు నిండాలి. ఆరు నిమిషాలు పడితే పలక తప్పు, లేదా చూసిన కన్ను తప్పు. సందేహం వచ్చిన చోట సరిచూడాలి, రానిచోట పనిచేసుకోవాలి. ఎంఏలో సంశయవాదం చదివి ఇంటికొచ్చి "అసలు ఎవరికి తెలుసు" అని చేతులెత్తేసే పిల్లలకు ఈ సూత్రం రెండుసార్లు చదివించాలి.

ఇక గెటియర్ హెచ్చరిక. నమ్మకం ఉంది, ఆధారం ఉందనిపించింది, నిజమూ అయింది, అయినా జ్ఞానం కాకపోవచ్చు. మనకు దగ్గరి ఉదాహరణ 8వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మోత్తరుడిది: దాహంతో ఉన్న బాటసారికి లోయలో ఎండమావి కనబడింది, నీళ్లనుకుని పోయాడు, నిజంగానే అక్కడ రాయి కింద నీళ్లున్నాయి. దొరికాయి, కానీ తెలిసి దొరకలేదు. రేపు మీ మూడో బోరులో నీళ్లు పడితే కొబ్బరికాయ నిలబడటం వల్ల తెలిసిందా, ఆ బీడులో ఎక్కడ వేసినా పడేదా? ఒక్క విజయంతో ఇది తేలదు. పని ఫలించడమే పరీక్ష అన్న నైయాయికుల మాటకు ఇక్కడ ఒక సవరణ కావాలి: ఒక్కసారి ఫలించడం చాలదు, యాదృచ్ఛికంగా ఫలించే లెక్కను దాటి ఫలించాలి.

ఆ లెక్క చిన్నదే. మీ పుస్తకం ప్రకారం ఆ చుట్టుపక్కల పదిలో ఆరు బోర్లు పడతాయనుకుందాం. అప్పుడు కళ్లు మూసుకుని పాయింట్లు పెట్టినవాడికి కూడా పదికి ఎనిమిదో అంతకంటే ఎక్కువో పడే అవకాశం నూటికి 17 దాకా ఉంది, అంటే అలాంటి ఆరుగురిలో ఒకడికి. వాడికి మంచి పేరు వస్తుంది, మిగతా ఐదుగురు పని మానేస్తారు, ఊళ్లో మిగిలేది వాడే. పుల్ల పట్టి నీళ్లు చెప్పేవాళ్లను జర్మనీలో 1987-88లో మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో పెద్ద ఎత్తున పరీక్షించారు. కింది అంతస్తులో నీటి పైపును పది మీటర్ల గీత మీద ఇష్టం వచ్చినట్టు జరుపుతారు, పైఅంతస్తులో పుల్ల పట్టినవాడు చోటు చెప్పాలి. 500 మందిలోంచి ఎంచిన 43 మందితో 843 పరీక్షలు. కొందరికి శక్తి ఉందని నిర్వాహకులు ప్రకటించారు. 1999లో జిమ్ ఎన్‌రైట్ ఆ అంకెలే తిరగేసి, గుడ్డిగా చెప్పినా అట్లాగే వస్తాయని చూపించాడు.

మీరు అంత చేయక్కర్లేదు. కొబ్బరికాయ ఆయనను గౌరవంగా పిలిచి, పాయింటు పెట్టించండి, గుర్తును మట్టితో కప్పేయండి. నాలుగు రోజుల తర్వాత కళ్లకు గుడ్డ కట్టి, వేరే మూల నుంచి అదే చేను నడిపించండి. రెండు గుర్తులు పది అడుగుల్లోపు కలిస్తే ఆయన చేతికి కనీసం నిలకడ ఉంది, నిజమా కాదా అన్నది ఇంకో ప్రశ్న. కలవకపోతే ఆ ఇంకో ప్రశ్న అక్కర్లేదు. సర్వే మనిషికీ ఇదే పరీక్ష పెట్టండి: అదే పాయింటు మీద తీగను ఉత్తర దక్షిణంగా ఒకసారి, తూర్పు పడమరగా ఒకసారి పరచమనండి. మరీ తేడా వస్తే రాయి ఒక్క తీరుగా లేదని అర్థం, అంటే ఒక్క తీగతో చెప్పిన మాట మీద భారం వేయకూడదు. జియాలజిస్టుకు మినహాయింపు ఇస్తే మీది సిద్ధాంతం కాదు, పక్షపాతం.

మూడో పని, లెక్క. "రెండు పోయాయి, మూడోది పడాలి కదా" అన్న మాట ప్రతి ఊళ్లోనూ వినిపిస్తుంది. ఇంగ్లండు గణితవేత్త థామస్ బేస్ చనిపోయాక 1763లో అచ్చయిన సూత్రం దీనికి నేరుగా జవాబిస్తుంది. మీ చేను మంచిదై ఉంటే నూటికి 60 పడతాయి, చెడ్డదై ఉంటే 15 పడతాయి, ఏదో తెలియదు, సగం సగం అనుకుందాం. మొదటి బోరుకు అవకాశం 37.5 శాతం. రెండు వరసగా పోయాక, చేను మంచిది అయ్యే అవకాశం 50 నుంచి 18కి పడిపోతుంది. మూడో బోరు పడే అవకాశం 23 శాతం. రెండు ఓటములు మూడోదానికి అప్పుపడలేదు, దాని మీద సాక్ష్యం చెప్పాయి. అంకెలు నేను అనుకున్నవే, మీ పుస్తకంలోవి పెట్టుకుని మళ్లీ కట్టుకోండి. దిశ మాత్రం మారదు.

సర్వేకు డబ్బు పెట్టాలా వద్దా అన్నదీ ఇట్లే తేలుతుంది. బోరుకు మొత్తం 80,000, సర్వేకు 5,000 అనుకోండి. అవకాశం 40 శాతమైతే ఒక పడిన బోరుకు సగటున రెండు లక్షలు. సర్వేతో కలిపి 85,000. అవకాశం 40 నుంచి 42.5కి పెరిగినా ఖర్చు సరిపోయినట్టే. సర్వే పెద్ద నిజాలు చెప్పక్కర్లేదు, కొంచెం మెరుగైతే చాలు. జియాలజీ మీద నమ్మకం లేదని మానేసేవాళ్లు ఎంత మెరుగు అవసరమో లెక్క వేసుకోరు.

బండి రాకముందు ఒక కాగితం మీద ఐదు సంగతులు రాసి, పాయింటు పెట్టినవాడితో సంతకం పెట్టించండి: ఏ చోటు, ఎందుకు ఆ చోటు, మొదటి నీళ్లు ఎన్ని అడుగుల్లో, ఎన్ని ఇంచులు, ఎన్ని అడుగుల దగ్గర ఆపేయాలి. శాస్త్రం అనిపించుకోవాలంటే ముందే ఓడిపోయే చోటు చెప్పాలన్నది 1934లో తత్వవేత్త కార్ల్ పాపర్ పెట్టిన షరతు. పొలంలో దాని రూపం ఈ కాగితమే. ఐదో సంగతి అన్నిటికంటే ముఖ్యం. బిట్టు తిరుగుతుండగా, రాత్రి పదకొండు గంటలప్పుడు, ఆపాలా వద్దా అని నిర్ణయించే స్థితిలో ఎవరూ ఉండరు. గ్రానైటులో లోతు పెరిగేకొద్దీ నీళ్లున్న పగుళ్లు సాధారణంగా తగ్గుతాయి, అడుగు ధర మాత్రం పెరుగుతుంది. రాసిన అంకె దగ్గర ఆపండి.

ఇంత చేసినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది, అది అన్నిటికంటే పెద్దది. "ఇక్కడ నీళ్లున్నాయి" అన్నది నిజమే కావచ్చు, వచ్చే ఏడు కూడా నిజంగా ఉంటుందా? 550 మిల్లీమీటర్ల వాన ఒక ఎకరా మీద 22 లక్షల లీటర్లు. కుళ్లిన గ్రానైటు నేలలో అందులో సుమారు పదో వంతు భూమిలోకి దిగుతుందని పెట్టుకుంటే రెండు లక్షల ఇరవై వేలు. రెండించుల బోరు రోజుకు ఏడు గంటలు నడిస్తే 20,000 లీటర్లు తోడుతుంది. ఎకరా మీద ఏడాది ఇంకిన నీళ్లు పదకొండు రోజులకు సరి. ఏడాదికి 200 రోజులు నడపాలంటే 18 ఎకరాల ఇంకుడు కావాలి, ఆ 18 ఎకరాల్లో మీ పొరుగువాళ్ల బోర్లు కూడా ఉన్నాయి. పాయింటు ఎక్కడ అన్న ప్రశ్నకు అంత కచ్చితంగా జవాబు వెతుకుతూ, సరైన ప్రశ్నేనా అని అడగకపోవడం అన్ని హేత్వాభాసాల (తర్కంలో దొర్లే తప్పుల) కంటే ఖరీదైనది.

అనంతపురం, కడప, కర్నూలు సహా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు జిల్లాల్లో, భూగర్భ జలాల నిర్వహణను రైతుల చేతికే ఇచ్చిన ఏపీఫామ్‌గ్స్ ప్రాజెక్టు ఈ ప్రశ్ననే ముందుకు తెచ్చింది. రైతులే వాన కొలిచారు, పరిశీలన బోర్లలో మట్టం కొలిచారు, ఊరంతా కూర్చుని పంటకు ముందు నీటి జమాఖర్చు వేసుకున్నారు. అక్కడ ఆప్తుడు బయటి నుంచి రాలేదు.

అందుకే ఫెయిలైన మీ రెండు బోర్లనూ పూడ్చొద్దు. పిల్లలు పడకుండా గట్టి ఇనుప మూత వేసి తాళం పెట్టండి, తాళానికి పక్కన టేపు పట్టేంత రంధ్రం ఉంచండి. స్టీలు టేపు చివర రెండు మూడు అడుగులకు సుద్దముక్క రుద్ది దించితే తడిసిన గీత మట్టం చెబుతుంది. నెలకోసారి, ఒకే తేదీన, పక్క మోటార్లు ఆగి కనీసం కొన్ని గంటలయ్యాక కొలిచి రాయండి. మే నెల అంకెకూ నవంబరు అంకెకూ తేడా చూడండి. మట్టం మూడు మీటర్లు లేచిందనుకుంటే, ఈ కుళ్లురాయి నీరు పట్టే గుణం నూటికి ఒకటిన్నర మాత్రమే అయితే అది ఎకరాకు 1.8 లక్షల లీటర్లు, మూడైతే దానికి రెట్టింపు. ఒక వానాకాలం ఆ అంకెలు చేతికొచ్చాక మీ నాయనతో కూర్చుని, 18 ఎకరాల లెక్కతో పోల్చి చూసుకుని, బండికి అడ్వాన్సు ఇవ్వాలా లేక ఆ డబ్బుతో ఉన్న నీళ్లకే డ్రిప్పు వేయాలా అన్నది అప్పుడు తేల్చండి. వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద బోరు అనుమతికి దరఖాస్తు పెట్టేది ఆ తర్వాతే.